ఏడో ప్రశ్న

నూట ఇరవై మందిని అడగాలి.
అరవై మూడు అయ్యాయి.
పెద్దాసుపత్రి, మగవాళ్ల సర్జరీ వార్డు.
కిటికీలోంచి ఓడరేవు క్రేన్లు,
ఖనిజం దుమ్ముకి ఎర్రబారిన ఊచలు.

నా చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు,
క్లిప్పు కింద ఇరవై రెండు ప్రశ్నలు.
ప్రశ్న పక్కన అయిదు గళ్లు:
ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడూ, అరుదుగా, అసలు లేదు.
ఆరో గడి ఒకటుంది, చిన్న అక్షరాల్లో,
వర్తించదు అని.
ఎక్కువ టిక్కులు దానికే పడ్డాయి.

పద్నాలుగో మంచం.
ఒలిశెట్టి ఎల్లాజి, యాభై ఒకటి,
మరబోటు డ్రైవరు. షుగరు.
కుడి పాదం కట్టు లోపల ఉంది.
దాని వాసన మీదికి
నలిపిన కమలాతొక్క పట్టుకుని కూర్చుంది
మసేనమ్మ, భార్య.
ఆమె కొంగుముడిలో చేపల వేలం చీటీలు,
వాటి వెనక పూట పూటకీ రాసిన షుగరు లెక్కలు.
ఏ డాక్టరూ ఆ ముడి విప్పించలేదు.

చికిత్స గురించి మీకు అర్థమయ్యేలా చెప్పారా?
"సెప్పినారమ్మా. వాల్లలో వాల్లు ఇంగిలీసులో సెప్పుకున్నారు.
మాం యిన్నాం."
తరచుగానా, అరుదుగానా?
పెన్ను గాల్లో ఆగింది.

సంతకం ఎవరు పెట్టారు?
"మా మరిది. బోటు ఓనరుకి ఫోను సేసి అడిగినాడు.
ఓనరు సరే అన్నాడు."

ఏడో ప్రశ్న.
నిర్ణయానికి ముందు రోగి అభిప్రాయం అడిగారా?
రోజూ చదివే గొంతుతోనే చదివాను.
మసేనమ్మ నాకు జవాబు చెప్పలేదు.
మంచం వైపు తిరిగి,
ఇయ్యాల కూరేటి వండను అన్నంత మామూలుగా,
"ఏటయ్యా, నిన్నెవులైనా అడిగినారేటి?"

ఎవరిదో స్టీలు గ్లాసు దొర్లింది.
గోడ వైపున్న ముఖం మెల్లగా ఇటు తిరిగింది.

"కాలు ఎలాగూ పోద్ది. నాకు తెల్సు.
మోకాలు ఉంటాదా, పోద్దా?
ఉంటే ఇంజను కాడ గొంతుకూకుంటాను.
నేకపోతే గట్టు మీద వలలు కుట్టుకోవాల.
ఆ ఒక్కటీ ఎవులూ సెప్పనేదు.
నానూ అడగనేదు, ఇసుక్కుంటారని."

అయిదు గళ్లూ వెతికాను.
మోకాలికి గడి లేదు.

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను.
నర్సుల బల్ల దగ్గర కేసుషీట్లు రాస్తున్న
హౌస్‌సర్జన్ని పిలుచుకొచ్చాను.
నా ఈడు పిల్లే. రెండు రాత్రుల డ్యూటీ కళ్లలో ఉంది.
"మోకాలా?" అంది, కాలుని మొదటిసారి చూసినట్టు.
మంచం అంచున కూర్చుంది.
వేలం చీటీ అడిగి దాని మీద ఒక కాలు గీసింది,
కాలికి అడ్డంగా రెండు గీతలు.
రక్తం ఇక్కడిదాకా దిగుతుంటే ఇక్కడ,
దిగకపోతే ఇంకా పైన.
రేపు స్కానులో తెలుస్తుంది.
"తెలియగానే ముందు మీకే చెప్తాను."
మీకే అన్నప్పుడు ఎల్లాజి
వెనక మరిది ఉన్నాడేమో అని చూశాడు.

మసేనమ్మ మిగతా చీటీలు తీసింది.
"ఇవి పనికొత్తాయేటి?"
పదకొండు రోజుల అంకెలు
ఆ పిల్ల చాలాసేపు చదివింది.

శుక్రవారం మా గైడు గారు
ఫారం మీద ఎర్రగీత గీశారు.
"కొలిచేవాడు త్రాసులో చెయ్యి పెట్టకూడదమ్మా.
ఈ నమూనా చెడిపోయింది. తీసెయ్."
నిజమే. తీసేశాను.
ఇంకొకర్ని వెతికి నూట ఇరవై పూర్తిచేశాను.
నా పుస్తకంలో పద్నాలుగో మంచం లేదు.

నెల తర్వాత ఓ పొద్దున
ఊరికే ఫిషింగ్ హార్బరు వెళ్లాను.
వలలు కుడుతున్న వాళ్ల ముఖాలు
ఒక్కొక్కటీ చూసుకుంటూ జెట్టీ చివరిదాకా నడిచాను.
అతను వాళ్లలో లేడు.
ఒక బోటు పొగ చిమ్మి కదిలింది.
ఇంజను బోటు కడుపులో ఉంటుంది,
దాని పక్కన ఎవరు కూర్చున్నారో
గట్టు మీంచి కనపడదు.