పుట్టీ

గోడలకు చెవులుంటాయంటారు.
ఆ చెవుల్లో పుట్టీ కూరే పని నాది,
డండీ ఆర్ట్ కాలేజీలో, పంతొమ్మిదేళ్లుగా.
మే నెలాఖరున మేకులు దిగుతాయి,
జూన్ మొదటివారం ఊడొస్తాయి.
మధ్యలో తొమ్మిది రోజులు
ఊరు ఊరంతా మా మెట్లెక్కి
చదువు ముగిసిన పిల్లల బొమ్మల ముందు
గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

ఈ పిల్లల గురించి నాకు తెలిసింది కాస్తే.
ఫ్రేము పట్టుకున్నప్పుడు ఎవరి చేతులు వణుకుతాయో తెలుసు.
ఫిన్లే మూడు వందల బస్సు టికెట్లు సూదితో కుట్టి
టే నది పటం చేశాడు.
వాళ్లమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చి
ఇందులో మన ఇల్లెక్కడరా అని వెతికింది.
ఆగ్నెష్కా మంచుగడ్డతో చెక్కిన కుర్చీ
ప్రారంభోత్సవ ప్రసంగాలు ముగిసేలోపే నీళ్లయింది.
కరగడమే కళట.
తుడిచింది మాత్రం నేను.

రోనా పెట్రీది ఏడో గది.
పదకొండు ప్లాస్టర్ చేతులు,
మోచేతి దాకా, గోడలోంచి మొలిచినట్టు.
వాళ్ల ముత్తవ్వ జనపనార మిల్లులో
మగ్గం మీద పనిచేసింది.
ఆ హోరులో మాట వినబడక
ఆడవాళ్లు చేతులతోనే చెప్పుకునేవాళ్లట,
జీతం, కడుపునొప్పి, ఎవడి మీదో మనసు.
ఆ సైగలను ఎవరెవరి జ్ఞాపకాల్లోంచో ఏరుకొచ్చి
రోనా పోత పోసింది.
ఒక్కో చేతి కింద ఒక్కో మాట, పెన్సిల్‌తో.

ఐదోరోజు ఒక ముసలావిడ వచ్చింది
చక్రాల సంచి లాక్కుంటూ,
తల మీద ప్లాస్టిక్ వానటోపీతో.
కింద రాసింది చదవలేదు.
చేతులనే చదివింది.
నాలుగో చేతికి చేత్తోనే బదులిచ్చింది.
ఐదోదాని దగ్గర ఆగి పకపకా నవ్వింది,
గదిలో అందరూ తిరిగి చూసేలా.

కింద 'వాన' అని ఉంది.

"వాన కాదమ్మాయ్!" వినబడనివాళ్ల గట్టి గొంతుతో అంది,
"మేస్త్రీ వస్తున్నాడు, అని!
వాన గురించి మేమెందుకు చెప్పుకుంటాం?
ఈ ఊళ్లో అదెప్పుడు లేదు గనక!"
చిటికెనవేలు ఇంకాస్త వంగాలంది,
మణికట్టు తలుపు వైపు తిరగాలంది.
తర్వాత టాయిలెట్ ఎక్కడని అడిగి వెళ్లిపోయింది.

రోనా మొహం సున్నం కొట్టినట్టయింది.
అప్పటికే మార్కులు పడ్డాయి. కేటలాగు అచ్చయింది.
ఎడిన్‌బరా గ్యాలరీ ఆవిడ ముందురోజే
ఆ చేతి పక్కన ఎర్రచుక్క అంటించి పోయింది,
'వాన' అన్నమాట తన గుండెను తడిపిందని చెప్పి మరీ.

తలుపులు మూశాక రోనా వచ్చింది.
"డూగల్, డ్రిల్లు ఉందా?"
చేతిని దించాం. చిటికెనవేలు ఆకురాయితో అరగదీసింది.
తలుపు వైపు తిప్పి రెండంగుళాలు జరిపి బిగించాం.
పాత మేకు గుంట బయటపడింది.
నేను పుట్టీ కత్తి తీశాను.
వద్దంది.
మరి ఎర్రచుక్క?
గోరుతో గీకి తీసి నా చొక్కా గుండీకి అంటించింది.

తొమ్మిదోరోజు అన్నీ దిగాయి.
దుప్పట్లలో చుట్టిన పదకొండు చేతులు
వాళ్ల బాబాయి చేపల వ్యానులో వెళ్లాయి.
సోమవారం నుంచి ఆమెకు బేకరీలో పని,
తెల్లవారుజామున నాలుగింటికి.
చాలామందికి అంతే.

ఎనభై ఆరు గుంటలు పూడ్చాను.
ఏడో గదిలో ఒకటి వదిలేశాను.
మెట్ల మీద సూపర్‌వైజర్ బూట్ల చప్పుడు.
కొత్త కుర్రాడు రోలరు పక్కన పెట్టి
చెవుల్లో పాటలు పెట్టుకుని నేల మీద చేరగిలబడ్డాడు.
పిలిస్తే వినడు.
చెయ్యెత్తి, చిటికెనవేలు వంచి,
మణికట్టు తలుపు వైపు తిప్పాను.

వాడు కిటికీలోంచి ఆకాశం చూసి
వాన లేదుగా అన్నట్టు
భుజాలెగరేశాడు.