పద్నాలుగు మిల్లీమీటర్లు

మంచు అనే ఒక్క మాటతో
మనం అన్నిటికీ సరిపెట్టుకుంటాం,
గడ్డి మీది చుక్కకీ, దారి మూసే పొగకీ.
గుయ్‌జౌ కొండల్లో దీనికి వేరే పేరుంది: లింగ్.
వానగానే బయల్దేరుతుంది,
వానగానే తీగ మీద వాలుతుంది,
తాకిన ఆ క్షణంలో మనసు మార్చుకుని
గాజవుతుంది.

కొండ నెత్తిన రేకుల గది.
బొగ్గు పొయ్యి, రెండు మంచాలు, ఒక ఫోను,
గోడకి ఎండుమిరప దండ.
కిటికీ అవతల లక్షా పదివేల వోల్టులు
తేనెతుట్టె కదిలినట్టు గుయ్‌మంటూ.
లువో తింగ్‌షియెన్ ఉద్యోగం
తీగ లావెక్కడాన్ని చూస్తూ కూర్చోవడం.

రెండు గంటలకోసారి
బూట్లకు గడ్డితాడు చుట్టుకుని
ఆయనా, కొత్తగా చేరిన మో యాచిన్‌ బయటికెళ్తారు.
గది పక్కన గుంజలకు కట్టిన ఉత్తుత్తి తీగ ఉంది,
పైదానికి తోబుట్టువు, కరెంటొక్కటే లేదు.
దీనికెంత పడితే దానికంత.
యాచిన్ కొలబద్ద పెడుతుంది.
ఆయన గోటితో కొట్టి వింటాడు.
"తొమ్మిది" అంటుంది.
"తొమ్మిదే. కానీ గట్టి తొమ్మిది" అంటాడు.
అడుగు పొడవు ఒలిచి, గిన్నెలో వేసి, తూచి,
రాసుకున్నాక
అదే గిన్నె పొయ్యి మీద పెట్టి టీ కాస్తారు.
కొంచెం అల్యూమినియం రుచి.

ఆ పెద్ద చలి ఏడాది సంగతి ఆయన చెప్పడు.
వెదురు గడలతో టవరెక్కి కొట్టిన రోజులు.
ఇటు గడ్డ రాలగానే అటు బరువు గుంజి
టవరు మోకాళ్ళ మీద కూలిన పొద్దు.
పద్దెనిమిది రాత్రుల కొవ్వొత్తులు.
కుడిచేతికి మూడు వేళ్ళున్నాయి;
గ్లౌజులో మిగతా రెండింటి చోట
అగ్గిపుల్లలు దాచుకుంటాడు.

ఇప్పుడెవరూ ఎక్కక్కర్లేదు. మందు వేరే.
లైన్లోని వెలుగంతా దించేస్తారు,
అవతలి కొసన మూడు తీగల్నీ కలిపి ముడేస్తారు,
ఇవతల నుంచి
ఏ దీపానికీ చేరని కరెంటు తోలతారు.
తీగకు జ్వరం వస్తుంది.
జ్వరానికి చెమట పడుతుంది.
అంతే. అంతేగానీ
కింద లోయకి ఈ లైనొకటే దిక్కు.

రాత్రి మూడింటికి పద్నాలుగు.
పద్నాలుగైతే ఫోన్ చెయ్యాలని గోడ మీద రాసుంది.
యాచిన్ మళ్ళీ కొలిచింది. పద్నాలుగే.
టార్చి వెలుగులో ఆ అంకెను లువో
కొంచెం ఎక్కువసేపే చూశాడు.
లోయలో ఆయన కోడలు
కరెంటు పెట్టెలో బాతుగుడ్లు పొదిగిస్తోంది,
ఇరవై ఆరో రోజు.
పదమూడూ ముప్పావని రాస్తే
ఎవరడుగుతారు, ఈ కొండ మీద, ఈ వేళప్పుడు?

"పద్నాలుగు" అన్నాడు సబ్‌స్టేషన్‌తో,
రేటు చెప్పే కొట్టువాడి గొంతుతో.
తర్వాత ఇంకో నంబరు నొక్కాడు.
"లే. పెట్టె చుట్టూ దుప్పట్లు కప్పు.
నాదీ కప్పు. గంట పడుతుంది.
మూత మాత్రం తియ్యకు,
లోపల్నించి పిలిచినా."

లోయలో దీపాలు ఊరూరుగా ఆరిపోయాయి.
గుయ్‌మనడం ఆగింది.
నెలరోజులుగా చెవిలో ఉన్నదేదో తీసేసినట్టు
యాచిన్ చెవి రుద్దుకుంది.

నలభై నిమిషాలు ఏమీ లేదు.
మొదట ఒక చుక్క.
తర్వాత గాజు మీద గాజు జారిన చప్పుడు,
మూరెడు, బారెడు,
అంతలో ఈ టవరు నుంచి ఆ టవరు దాకా ఒక్కసారే.
బరువు దిగిన తీగ పైకెగిరి
చీకట్లో ఊగింది,
ఎవరో మీటి వదిలేసినట్టు చాలాసేపు.
యాచిన్ చప్పట్లు కొట్టింది.
ఆయన వాచీ చూసుకున్నాడు.

యాభై ఎనిమిది నిమిషాలు.
పుస్తకంలో రాశారు: వేళ, మందం, బరువు, గాలి దిక్కు.
లైను మామూలే, అని.

రెండ్రోజులకి ఇంటినుంచి ఫోనొచ్చింది.
ఆయన బయటికెళ్ళి, గాలికి వీపు పెట్టి మాట్లాడి,
లోపలికొచ్చి
బూట్లకు తాడు బిగించుకున్నాడు.
ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు, చెప్పలేదు.
యాచిన్ అడగబోయి
పెన్సిలు చెవిమీద దోపుకుంది.
ఆ లెక్కకు పుస్తకంలో గడి లేదు.

బయట సన్నగా వాన.
ఉత్తుత్తి తీగ మీద, ప్రస్తుతానికి,
ఒకటి.