ఫ్రీజ్ కొట్టక ముందు

హనుమకొండ చౌరస్తాల చెప్పుల దుకాణం మీది అంతస్తు.
మూడు కంప్యూటర్లు, రెండే పనిచేస్తయి.
పదకొండేండ్ల నుంచి కౌన్సెలింగు మొదలైతే చాలు
పిల్లల బతుకులకు వరుస నంబర్లు వేస్తుంట,
ఒక్కొక్కరికి నూరు రూపాయలు, ప్రింటు తీస్తే ఇంకో పది.

నిన్న పొద్దుమీకి ఓదెలు వచ్చిండు, బిడ్డ నవతను తోల్కొని.
ఎనుమాముల మార్కెట్ల హమాలీ.
ఆయన కన్నా ముందు ఆయన అంగి మెట్లెక్కింది:
మిర్చి ఘాటు.
లైన్ల కూసున్న పోరగాళ్ళంతా ఒక్కసారే తుమ్మిండ్రు.
సిగ్గుపడి కిటికీ కాడ నిలబడ్డడు.

ర్యాంకు ఇరవైమూడు వేల నాలుగు వందల పద్దెనిమిది.
నా వేళ్ళకు ఆ నంబరు చాలు,
ఏ కాలేజీ పైన, ఏది కింద, కండ్లు మూసుకొని కొట్టేస్త:
సీఎస్ఈ, సీఎస్ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ,
అవి దొరకకుంటే ఐటీ, అదీ రాకుంటే ఈసీఈ,
సివిలు అన్నిటికన్న అడుగున
పెండ్లి బంతిల చివరి విస్తరి లెక్క.

"గిన్ని పేర్లెందుకు సారూ? అన్నీ కంప్యూటరే గదా?"
కిటికీ కాడి నుంచి ఓదెలు.
చెప్పబోయిన,
ఒకటేమో ఏఐ, ఒకటేమో డేటా, ఒకటి దొంగలను పట్టేది...
నా మాట నాకే సప్పగ తగిలింది.
బ్రోచర్లు చదువుడే తప్ప ఎన్నడు లోపలికి పోలే.
ఎంసీఏ రెండో ఏడు ఆపి ఈ కుర్చీల కూసున్నోణ్ణి.

మళ్ళ ఆయననే అన్నడు, బిడ్డ దిక్కు చూసి:
"చపాట, తేజ, వండర్ హాటు...
బస్తా మీద ఏమన్న రాయనీ.
ఖరీదుదారు మోచేతి దాక చెయ్యి పెడ్తడు,
అడుగు కాయ తీసి ఇరిచి చూస్తడు.
పైన ఎరుపు, అడుగున తాలు, ఎన్ని మోయలే నేను."

నవత మాట్లాడలే.
జమ్మికుంట అక్క చెప్పిందట, ఏఐ తీసుకొమ్మని.
లెక్కల సారు చెప్పిండట, ఉత్త సీఎస్ఈ మేలు, కొమ్మల జోలికి పోకుమని.
కోడు మిషన్లే రాస్తుంటే మీకేం మిగుల్తదని
మేనమామ నవ్విండట.
ముగ్గురి మాటలూ రఫ్ నోట్సు ఎనుక పేజీల రాసుకొచ్చింది.
కింద గీత గీసి ఖాళీ ఉంచింది.

"అన్నా, ఒక్క సీటును ఇద్దరడిగితే
ఎవలకియ్యాల్నో దీనికెట్ల తెలుస్తది?"
ర్యాంకు చూసి, అన్న.
"అది సరే. నేను అడిగిన మొదటిది రాక
రెండోదాని కాడికి వచ్చేసరికి ఆడ ఎవరో కూసోని ఉంటే?
లేపుతదా? లేచినోళ్ళు ఎటు పోతరు?
వేల మంది గిట్ల లేస్తూ కూసుంటూ ఉంటే
ఇగ చాలు, ఆగాలె అని దానికెట్ల తెలుస్తది?"

ఫ్యాను చప్పుడు.
ఎంతమందిని ఆ తలుపుల దాక తోలిన,
తలుపు ఎనుక ఏమైతదని ఒక్కసారన్న అడగలే.
ఆమె అప్పటికే ప్రింటరు నమిలిన కాయితం గుంజుకొని
నాలుగు పేర్లు, మూడు కుర్చీలు గీసి
బాణాలు వేస్తున్నది.
"జల్దీ అక్కా" అన్నడు ఎనుక నుంచి ఎవడో. ఇనపడలే.

ఓదెలు ఒంగి చూసిండు.
ఏం సమజైందో, "చెయ్యి పెట్టింది సారూ" అన్నడు మెల్లగ.

ఆమె చెప్పిన వరుస నేను వేసే వరుస కాదు.
పెద్ద గేటున్న కాలేజీని కిందికి నూకింది.
ఎందుకంటే, "ఆడ లైబ్రరీకి తాళముందన్నా, పోయి చూసొచ్చిన."
ఉత్త సీఎస్ఈ పైన. అది రాకుంటే
లెక్కలతోటి బీఎస్సీ కంప్యూటర్స్.
అది ఈ పేజీల ఉండదు, దోస్తుల ఉంటది,
దానికి వేరే నూరు.
తీసుకోలే.

తప్పో ఒప్పో నాకు తెల్వదు.
నాలుగేండ్లకు ఏ కాయ ధర ఎంతుంటదో
ఎనుమాములల ఎవలు చెప్తరు?

ఓటీపీ తండ్రి ఫోనుకు వచ్చింది.
పగిలిన అద్దం మీది ఒక్కొక్క అంకెను
కాంటా కాడ కేకేసినట్టు గట్టిగ చదివిండు.
ఫ్రీజ్ కొట్టిన.

వాళ్ళు దిగినంక చూస్తే కాయితం టేబులు మీదనే ఉన్నది.
ఒక బాణం కొట్టేసి, మళ్ళ గీసి, మళ్ళ కొట్టేసింది.
కీబోర్డు కింద పెట్టిన.
తరువాతి పిలగాడు కుర్చీల కూసోని తుమ్మిండు.
"ర్యాంకెంత తమ్మీ?" అన్న.