మడత, ముడత

షార్జాల, రోల్లా వెనక సందుల
పద్నాలుగేండ్ల సంది ఇస్త్రీపెట్టె పట్టిన చెయ్యి నాది.
కందూరా అప్పుడే సున్నమేసిన గోడ లెక్క
గీత లేకుండ పోవాలె. గదే కూలి.

శుక్రవారం, ఏసీ ఉంటది టికెట్ లేదని
గంగనర్సు గుంజుకపోయిండు మ్యూజియంకు.
అద్దం వెనక, రెండున్నర వందల ఏండ్ల కింద
ఫ్రాన్సుల ఎవరో గీసిన కాగితం.
తల లేదు. చేతుల్లేవు.
మోకాలు మీంచి జారిన ఒట్టి దుప్పటి.
లోతుకు నల్ల సుద్ద, అంచుకు ఎర్రది,
తెల్లది మాత్రం వెలుగు తగిలిన కాడ, చిటికెడంత.

"మనిషే లేడు, ఇదేం బొమ్మ?" అన్నడు గంగనర్సు.
ఉన్నడు.
కూసున్నడు, ఎడమకాలు మీద బరువేసిండు.
బట్ట చెప్తది. నాకు రోజూ చెప్తది:
ఇది నమాజుకు వంగిన మోకాలు,
ఇది కారు సీట్ల నలిగిన నడుము,
ఈ టేబుల్ గుడ్డ మీద ఎవరో మోచేతులానిచ్చి
చానాసేపు లేవలేదు.
అన్నీ ఇని, నీళ్లు చల్లి, తుడిచేస్త.

మడత నేను పెట్టేది. ముడత ఒళ్లు పెట్టేది.
ఆయన ముడత దిక్కు కూసున్నడు.
సాయంత్రం ఆరింటికల్లా కావాలని
ఆయన్నెవరూ అడగలేదేమో.

రంజాన్ ముందట వేసిపోయిన టోకెన్ మూడు వందల పద్దెనిమిది
ఇంకా మూటలనే ఉంది. ఫోన్ ఎత్తరు.
ఇయ్యాల ఇప్పిన. పెట్టె కాగింది.
ఒడికాడ కూసున్న గీతలు,
కుడి జేబు కింద ఎవరో చిన్నచెయ్యితో గుంజిన గుర్తు.

ప్లగ్గు పీకేసిన.
సేటు అడిగితే కరెంటు పోయిందంట.
షార్జాల కరెంటు పోదు.
అయినా అట్లనే అంట.