గోరువెచ్చన

మూడు రోజులు కట్టేసి ఉంచితే చాలు,
నాలుగో పొద్దున తూనీగ ఇంజను
టక్కుమని ఒక్కసారి పలికి
ఊరుకుంటోంది.
కళ్ళ డాక్టరమ్మ ఇప్పటికే రెండు బ్యాటరీలు మార్చింది.
"మూడోది మాత్రం కొనిపించకండి" అంది ఫోనులో.

టంకసాల వీధిలో మాది లారీ బ్యాటరీల కొట్టు.
పడవలు మా పని కాదు.
"పన్నెండు వోల్టులకి నేలేమిటి, నీళ్ళేమిటి"
అన్నాడు ఓబులేసు మేస్త్రీ,
లుంగీ విడిచి ప్యాంటు తొడుక్కుంటూ.

హార్బరు గేటు దగ్గర
మా పేర్లు తమిళంలో రాసుకుని పైకి చదివాడు కావలివాడు.
మేస్త్రీ ఓపులేసు అయ్యాడు.
నాంచారిని నేను నాంచారిగానే మిగిలాను.
చేపల వాసన మీద డీజిలు వాసన,
దాని మీద కాకులు.

తెరచాప చుట్టి చాపలా కట్టి ఉంది.
గాలితో నడిచేదానికి ఇంజనెందుకని అడిగాను.
"గాలి లేని రోజు ఇంటికి రావడానికి" అంది డాక్టరమ్మ.

నెగెటివ్ తీగ విప్పి
మధ్యలో మీటరు పెట్టాను.
అన్నీ ఆపే ఉన్నాయి.
అంకె మాత్రం పాయింటు తొమ్మిది దగ్గర కూర్చుంది,
తాళం వేసిన ఇంట్లో
ఎవరో కుళాయి తిప్పినట్టు.

ఒక్కో ఫ్యూజూ పీకాను.
అడుగు నీళ్ళు తోడే పంపుది,
రేడియోది,
స్తంభం చివరి దీపానిది,
దేనిదో తెలియని ఇంకొకటి.
ఒడి నిండా ఫ్యూజులు, చింతగింజల్లా.
పెద్ద స్విచ్చి కూడా తిప్పేశాను.
అంకె కదల్లేదు.
మెడ మీద చెమట నడుముకి దిగింది.

మేస్త్రీ మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు.
ఒకప్పుడు ముందు చెయ్యి, తర్వాతే మీటరు ఆయనకి.
మీటరు అబద్ధమాడదే,
కానీ అడిగినదానికే జవాబిస్తుంది, అనేవాడు.
షుగరు వచ్చాక వేళ్ళు మొద్దుబారాయి.
పోయినేడు కాలుతున్న సైలెన్సరు పట్టుకుని
తోలు వాసన వచ్చేదాకా వదల్లేదు.

"చెయ్యి పెట్టి చూడు.
ఇంజను మీద కాదు,
పక్కన బెల్టు మెళ్ళో వేసుకుంది చూడు, దాని మీద."

ఇంజను చల్లగా ఉంది,
నాలుగు రాత్రులు నీళ్ళ మీద పడుకున్న ఇనుము.
జానెడు దూరంలో ఆల్టర్నేటరు
గోరువెచ్చన.
పొరబడ్డానేమోనని ఎడం చేత్తో తాకాను.
ఎడం చెయ్యీ అదే చెప్పింది.

"ఎంత వేడి?"
"టీ తాగి పెట్టేసిన గ్లాసంత."
"తాగి ఎంతసేపైన గ్లాసు?"
చెప్పలేకపోయాను.

దాని వెనక లావు తీగ విప్పి కొసకి గుడ్డ చుట్టాను.
అంకె సున్నాకి పడిపోయింది,
అంత తేలిగ్గా.
ఆ తీగ ఏ స్విచ్చికీ చెప్పకుండా
నేరుగా బ్యాటరీకే వెళ్తోంది.

లోపల ఆరు డయోడ్లమ్మా, అన్నాడు మేస్త్రీ,
బయటికే తెరుచుకునే తలుపులు ఆరు.
ఒకదాని గడియ ఊడింది.
పగలు పోసిందంతా రాత్రి వెనక్కి జారుతోంది.

"కంచే చేను మేసిందన్నమాట" అంది డాక్టరమ్మ.
ఆయన తల అడ్డంగా ఊపాడు.
"మేస్తే దాని కడుపైనా నిండేది.
దీనికేం మిగిలింది?
కాస్త వెచ్చబడింది, అంతే."

పానా అందుకోబోతుంటే ఆగమన్నాడు.
మోకాళ్ళ మీద జరుగుతూ లోపలికొచ్చాడు,
ఇంజను పక్కన వంగి,
అది చల్లారిపోకముందే
నాల్రోజుల గడ్డం ఉన్న చెంపని
దాని మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
డాక్టరమ్మ ఏదో అనబోయి మానేసింది.
ఎక్కడో ఓడ కూసింది, పడవ కాస్త ఊగింది,
ఆయన లేవలేదు.

"పావుగంట" అన్నాడు చివరికి.
"తాగి పావుగంటైన గ్లాసే, నాంచారీ."