ఒకటి అడ్డం

భూమేశ్ సెలవు నించి తెచ్చిన
మాగాయ సీసాకి చుట్టిన ఆదివారం కాగితం అది.
నూనె మరక పోగా మిగిలిన గళ్ళు తొమ్మిది వరసలు,
ఆధారాలన్నీ నాటకాల మీదే.

జుబైల్‌లో, చేపల మార్కెట్ వెనక లాండ్రీ.
నేను కౌంటర్, లస్మన్న ఇస్త్రీ.
నేను చదువుతాను, అతను చెబుతాడు.
అక్షరాలు రావు అతనికి, ఆటలు వచ్చు:
పదిహేడేళ్ళు చిందు మేళంలో
రాజు పక్కన నిలబడ్డ మంత్రి.

"రెండు నిలువు. ఆటకి కట్టేది, తాడు కాదు. రెండు గళ్ళు."
"రక్తి" అన్నాడు,
కాలర్ మీంచి పెట్టె ఎత్తకుండానే.
"తొమ్మిది అడ్డం. నటులకీ జనానికీ నడుమ. నాలుగు."
"తెర."
"అది రెండేగా?"
"ఇద్దరు పట్టుకుంటరు గదా, రెండుసార్లు రాయి."

"ఒకటి అడ్డం. ఆట ముగిశాక అందరి కోసం కోరే మేలు. అయిదు."
"మంగళం."
రెండు గళ్ళు మిగిలాయి,
పైగా రెండో గడిలో అప్పటికే ర కూర్చుని ఉంది.
పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాను.

ఆ వారమే ముదీర్ వచ్చి
లస్మన్న పాస్‌పోర్ట్ బల్ల మీద పెట్టాడు.
ఫైనల్ ఎగ్జిట్.
"గిది యాడన్న పడ్తదా సూడు, గళ్ళల్ల."
లెక్కపెట్టాను. ఆరు.
పద్నాలుగు అడ్డం: పాత్ర రంగం విడిచిపోవడం, నాలుగు.
అది మాత్రం అతనికి చదవలేదు.

చివరి రాత్రి షట్టర్ సగం దించి
సాంబ్రాణి పొగలా ఆవిరి వదిలాడు
తీగ మీది తెల్ల తోబుల మధ్య.
దుప్పటికి ఒక కొస నాకు, ఒక కొస మొఫిజుల్‌కి.
దించమన్నప్పుడు దించాం.
మంత్రి కాదు, ఆ రాత్రి రాజే.
తలకి తడి తువ్వాలు, నడుముకి ఎక్స్‌టెన్షన్ వైరు,
గజ్జెల బదులు కాలికి హ్యాంగర్ల గుత్తి.
తెలుగు ముక్క రాని మొఫిజుల్
రాజు కొడుకుని పోగొట్టుకున్న చోట
కళ్ళు తుడుచుకున్నాడు.
నవ్వించే చోటా తుడుచుకున్నాడు, అది వేరే సంగతి.

"ఇక మంగళం పాడన్నా" అంటే
తల అడ్డంగా ఊపాడు.
"పాడితే మేళం మూట గట్టినట్టె. సగం కాడ ఆపుతున్న."
తువ్వాలు పిండి ఆరేశాడు.
తెల్లారి దమ్మామ్ బస్సెక్కాడు.
అట్టపెట్టె మీద అతని పేరు, నా చేతిరాత.

తర్వాతి ఆదివారం జవాబులు
ఏ సీసాకి చుట్టి ఎవరింటికి పోయాయో.

నిన్న చిల్లర లెక్కపెడుతుంటే తట్టింది మూడు నిలువు:
ఇచ్చినది మళ్ళీ చేతికి, మూడు గళ్ళు.
వాపసు.
రాయగానే పైన నాలుగో గడి నిండింది.
ఖాళీ, ర, ఖాళీ, వా, ఖాళీ.
పెదాలు కదిపి చూశాను. మాట వచ్చింది.

పెన్సిల్ మళ్ళీ చెవి మీదకే పోయింది.
లోపల కొత్త కుర్రాడు
ఎవరిదో కాలర్ మాడుస్తున్న వాసన.