వేట నిషేధం

రుషికొండ మీద ఏడో అంతస్తులో
రాత్రి పదింటికి హెడ్‌ఫోన్ తగిలించుకుంటాను.
నా ఉద్యోగం తిట్లు వినడం.
ఆటల్లో తెలుగువాళ్ల మీద వచ్చే ఫిర్యాదులన్నీ చూడాలి.
"ఏటి", "గుంటడా", "ఓలమ్మో" వినపడ్డాయంటే
హైదరాబాదు వాళ్లు కూడా నాకే తోసేస్తారు,
మీ ఊరి భాష, మీరే తేల్చుకోండి అని.

వంజరం77 ఫైలు ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది.
పద్దెనిమిది నిమిషాల ఆడియో.
వంతెన దగ్గర కాపలా, పక్కన ఓ ఆడపిల్ల గొంతు,
పేరు చిట్టిపిడుగు. గురి తప్పింది. అంతే.
ఆ తర్వాత అతని నోట్లోంచి వచ్చింది ఇక్కడ రాయను.
ఫారంలో రాశాను, అక్షరం పొల్లుపోకుండా,
సెకన్లతో సహా.

తిట్ల వెనక ఇంకేవో ఉన్నాయి.
ఓడ కూత. మంచు దిమ్మలు పగలగొడుతున్న చప్పుడు.
"కూడు తినీసి ఏడు" అని ఓ ముసలావిడ.
హార్బరు కుర్రాడే.
ఫారంలో వీటికి గడి లేదు.

అరవై ఒక్క రోజులు వేశాను.
హైమవతి మేడం అడిగింది,
అరవై వేయొచ్చుగా, ఆ ఒక్కటీ ఏంటి?
రేపు ఏప్రిల్ పదిహేను కదండీ అన్నాను.
ఆమెది అనంతపురం. మళ్లీ అడగలేదు.

రేపట్నించి మా సముద్రంలో వేట ఉండదు.
మరబోట్లన్నీ జెట్టీకి ముక్కులు ఆనించి
తిట్టించుకున్న పిల్లల్లా పక్కపక్కన నిలబడతాయి.
వలలు రోడ్డు మీద పరుస్తారు, చిరుగులు అప్పుడే బయటపడతాయి.
ఆ రెండు నెలలూ మా నాన్నకి ఏం తోచేది కాదు.
గోడకి సున్నం వేసేవాడు,
వేసిన గోడకే మళ్లీ.
ఏం తప్పు చేశారని ఆపేశారు నాన్నా అంటే
"మావేం సేసినామని కాదే.
నోపల అవి గుడ్లు పెడతన్నాయి."

తిరిగి రావాలంటే షరతులున్నాయి.
తన గొంతు తనే వినాలి, పద్దెనిమిది నిమిషాలూ,
ముందుకు జరిపే వీలు లేకుండా.
తర్వాత నలభై ఆటలు, కొత్తవాళ్లతో, మైకు లేకుండా.
నొక్కడానికి మూడే బొత్తాలు:
వస్తున్నా. ఆగు. పర్లేదు.

మొదటిసారి నాలుగో నిమిషంలో ఆపేశాడు.
రెండోసారి ఆరు.
మూడోసారి మొత్తం విన్నాడో,
ఫోను అక్కడ పడేసి టీకి వెళ్లాడో,
యంత్రం మాత్రం పూర్తయిందని పచ్చగీత పెట్టింది.
నేను నమ్మలేదు. సంతకం పెట్టాను.

ఈలోగా ఓ పొద్దున్న, షిఫ్టు దిగి వస్తుంటే,
హనుమంతవాక దగ్గర ఆటో ఒకటి అడ్డం కొట్టింది.
నా నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు.
పన్నెండో నిమిషం, నలభయ్యో సెకను. వంజరంది.
తెల్లమీసాలాయన నా వైపు ఓసారి చూసి
ఏమీ అనకుండా గేరు మార్చాడు.
నా మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.
స్కూటీ పక్కకి తీసి నిలబడ్డాను,
మూడు బొత్తాల్లో ఏది నొక్కాలో తెలీక.

జూన్ పద్నాలుగు, అర్ధరాత్రి దాటింది.
కొండ మీంచి చూస్తే నీళ్ల మీద దీపాలు కదులుతున్నాయి.
వంజరం77 మైకు తెరుచుకుంది.
ముందు ఊపిరి. తర్వాత ఓడ కూత.
మంచు పగిలే చప్పుడు లేదు,
మంచంతా బోట్లెక్కి పోయినట్టుంది.
పక్కవాడి గురి తప్పింది, దెబ్బ తిన్నాడు.
నేను పెన్ను పట్టుకున్నాను.

"ఏటి బావూ... ఇటు రా.
నా కాడ మందుంది."

తుపాకిలో కూరేదీ మందే,
పుండుకి రాసేదీ మందే.
తెర మీదకి వంగి చూశాను.
కట్టు కడుతున్నాడు.

ఫైలు మూసేముందు చిట్టిపిడుగు పేరు కొట్టి చూశాను.
చివరిసారి కనపడింది: ఏప్రిల్ తొమ్మిది.
ఆ రాత్రి ఆమె వెనక ఏ చప్పుళ్లున్నాయో
నేను చెవి పెట్టలేదు.
పద్దెనిమిది నిమిషాల్లో ఆమెవి నాలుగే మాటలు:
"సారీ అన్నా, మళ్లీ తప్పింది."

అతని పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది.
ఆమె పేరు పక్కన బూడిదరంగు.
నోపల ఎన్ని గుడ్లు పిల్లలయ్యాయో
ఎవరు లెక్కపెడతారు నాన్నా.